వగరు నీళ్లు

ఏవండీ,

ఈ కాగితం వదిన చేతికిచ్చి పంపుతున్నాను. మీ అక్క సంగతి మీకు తెలుసుగా, మడత విప్పదు. రోజూ వచ్చి మంచం పక్కన రెండు గంటలు కూర్చునే మనిషి ఉత్తరం రాయడమేమిటని మీరు అనుకోవచ్చు. నోటితో చెప్పింది మీకు సాయంత్రానికి నిలవడం లేదు. మొన్న పొద్దున మొహం మీద ఎండ పడుతోందని మీరే అడిగి మంచం జరిపించుకున్నారు. మధ్యాహ్నానికి, నా మంచం ఎవరు కదిలించారని నర్సు మీద కోప్పడ్డారు. ముఖ్యమైనవన్నీ రాసి దగ్గర పెట్టండమ్మా, చూసుకుంటూ ఉంటే మెల్లగా దారిలో పడతారు అని డాక్టరుగారు అన్నారు. ఆయన ఉద్దేశం మందుల వేళలు, ఇంటి నంబరు లాంటివి. నేను రాయబోయేది అలాంటిది కాదు.

ముందు మీరు ఆసుపత్రిలో ఎందుకున్నారో రాస్తాను, అది కూడా చెదిరిపోయి ఉంటే. పన్నెండు రోజుల కిందట, పాత బ్యాటరీలు విప్పే మీ షెడ్డులో, కరిగిన సీసాన్ని అచ్చుల్లో పోస్తూ పోస్తూ గరిటె కింద పెట్టి, "ఇది ఎవరి షెడ్డు మేస్త్రీ?" అని అడిగారట. మేస్త్రి వేళాకోళం అనుకుని నవ్వాడట. ఆ నవ్వు పూర్తి కాకుండానే మీకు ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఒంట్లో సీసం పేరుకుపోయింది. కడుపులో మెలిపెట్టే నొప్పి, కుడి మణికట్టు వాలిపోవడం, పేర్లు మర్చిపోవడం, అన్నీ దానివల్లే. ఇప్పుడు మీకు చేస్తున్న ఇంజెక్షన్లు ఆ సీసాన్ని పట్టి మూత్రంలోకి లాగుతాయి.

ఇంతవరకూ డాక్టరుగారు మీకు చెప్పినదే. ఇక నేను చెప్పాల్సింది. మీ ఒంట్లో సీసం ఉందని నాకు నాలుగు నెలల ముందే తెలుసు.

మీకు కడుపునొప్పి మొదలైన రోజుల్లో ఒకసారి షుగరు చూస్తానని మీ చేతిలోంచి రక్తం తీశాను, గుర్తుందా? అది షుగరు కోసం కాదు. మా లాబుకి తీసుకెళ్లి, ఎలుకల రక్తం గొట్టాల మధ్య పెట్టాను. మేము ఎలుకలకి సీసం కలిపిన నీళ్లు పట్టి, వాటి రక్తంలో ఎంత చేరిందో చూసే మిషను ఉంది కదా, దానికి మనిషా ఎలుకా తెలియదు. నలభై ఎలుకలు ఉంటే నలభై ఒకటో నంబరు వేసి పంపాను. మిషను మీద పనిచేసే ఆవిడ మధ్యాహ్నం కాగితం తెచ్చి, "ఈ నలభై ఒకటోది ఇంకా బతికే ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. మనిషికి పది దాటితే చాలు, ఆలోచించాలి. కాగితం మీద అరవై రెండు ఉంది.

ఆ సాయంత్రమే మిమ్మల్ని ఆసుపత్రికి లాక్కెళ్లాల్సింది. ఎందుకు తీసుకెళ్లలేదో రాస్తాను. దాన్ని మీరు సాకు అనుకున్నా తప్పు లేదు. ఇంతకు ముందున్న ఫ్యాక్టరీ మూతపడ్డాక మీరు ఇంట్లో గడిపిన ఏడాది నాకు కళ్లముందు నుంచి పోలేదు. గోడవైపు తిరిగి పడుకునేవారు. గడ్డం గీసుకోమంటే, ఎవరికోసం అనేవారు. ఒకరోజు నేను పని నుంచి వచ్చేసరికి అన్నం గిన్నె నేను మూసిపెట్టిన చోటే అలాగే ఉంది, మీరు కూడా నేను వదిలి వెళ్లిన చోటే అలాగే ఉన్నారు. ఈ షెడ్డులో పని దొరికిన నెలలోనే మళ్లీ మనిషయ్యారు. నన్ను ఎలుకలమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. ఆ కాగితం చూపిస్తే డాక్టరు మొట్టమొదట చెప్పే మాట పని మానెయ్యమనే. మళ్లీ ఆ గోడ. అది నేను చూడలేననుకున్నాను.

నా చేతిలో దానిమ్మ తొక్క ఉంది కదా అనుకున్నాను. మా మేడమ్ ఆరేళ్లుగా చేస్తున్న పరిశోధన అదే. మొక్కల్లో వగరు పుట్టించే పదార్థాలు ఉంటాయి, పాలీఫినాల్స్ అంటారు. దానిమ్మ తొక్కలో అవి దండిగా ఉంటాయి. సీసం నీళ్లు తాగే ఎలుకలకి ఆ తొక్క సారం పట్టిస్తే పేగు లోపలి పొర చిరగకుండా నిలబడుతోంది. జ్ఞాపకం ఎంత నిలిచిందో చూడటానికి వాటిని నీళ్ల తొట్టిలో వేసి, మునిగి ఉన్న పీట ఎక్కడుందో వెతుక్కోనిస్తాం. ఉత్త సీసం తాగినవి గోడ పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. సారం తాగినవి నాలుగో రోజుకి సూటిగా పీట దగ్గరికి ఈదుతాయి. ఆ ఈత లెక్కపెట్టేది నేనే. నా చేతిలో గడియారం పట్టుకుని, నా కళ్లతో చూశాను. అందుకే నమ్మాను.

స్టోరులోంచి రోజుకో చెంచాడు పొడి తెచ్చాను. పొద్దున అర గ్లాసు నా ఎదురుగా తాగించి, మధ్యాహ్నానికి ఒక సీసాలో పోసి ఇచ్చాను. ఇదేం నీళ్లే, నాలుక చెక్కలా అయిపోతోంది అంటే, అరుగుదలకి మంచిదన్నాను. మీకు రెండు రోజులు నొప్పి తగ్గితే గెలిచాననుకున్నాను. మళ్లీ వస్తే చెంచా పెంచాను. ఎలుకలకి నేను రాసే పుస్తకంలాంటిదే మీకూ ఒకటి పెట్టుకున్నాను, మాటలు ఎన్నిసార్లు తడబడ్డారు, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఎంతసేపు పట్టింది అని. గుండీలకి పట్టే సమయం వారం వారం పెరుగుతూనే ఉంది. రాస్తూనే ఉన్నాను.

వదిన నిన్న అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని, "ఏదో కషాయం పోసి ఇన్నాళ్లూ వాణ్ణి నిలబెట్టావు, లేకపోతే ఎప్పుడో పోయేవాడు" అంది. పక్క మంచాలవాళ్లు నావైపు దండం పెట్టినట్టు చూశారు. అక్కడ నోరు విప్పలేకపోయాను. అందుకే ఈ కాగితం.

ఒక్కటే భయం. మీరు ఇది చదివి, రేపటికి మర్చిపోయి, మళ్లీ దిండు కింద చూసుకుని చదువుతారు. రోజూ కొత్తగా తెలుస్తుంది. రోజూ కొత్తగా నామీద అసహ్యం పుడుతుంది. అయినా చింపమని చెప్పను. మీ దగ్గరే ఉండనివ్వండి.

మీ
ఇంటావిడ

*

ఏవండీ,

ఉత్తరం ఇచ్చి మూడు రోజులైంది. చదివారని మీ దిండు చూస్తే తెలిసింది, మడత నేను పెట్టినట్టు లేదు. మొన్న వచ్చినప్పుడు అటు తిరిగి పడుకున్నారు. నిన్న బాగానే పలకరించి, కాసేపటికి నేను నీళ్లు పట్టబోతే గ్లాసు తోసేశారు. చదివి తోసేశారో, వగరు నీళ్లనుకుని తోసేశారో నాకు అర్థం కాలేదు. రెండూ న్యాయమే.

ఈరోజు లాబులో జరిగింది కూడా మీకు చెప్పి తీరాలి. మా ఎలుకల పంజరాలు నాలుగు వరసలు ఉండేవని చెప్పేదాన్ని. రెండు నెలల కిందట మేడమ్ ఐదో వరస చేర్పించింది. మొదటి సారం వరస ఎలుకలకి సీసం మొదలుపెట్టకముందే, వారం రోజుల నుంచీ సారం పట్టించాం. ఐదో వరసకి అలా కాదు. ముందు ఆరు వారాలు సీసం, దెబ్బ తగిలాక సారం. ఈ ఉదయం ఆ వరసకి తొట్టిలో నాలుగో రోజు. పది ఎలుకలు. ఒక్కటీ పీట దగ్గరికి పోలేదు. గోడ పట్టుకుని తిరుగుతూనే ఉన్నాయి. చివరిదాన్ని నేను చేత్తో తీసి గుడ్డలో చుట్టాను. నా వేలు పట్టుకుని వదల్లేదు.

మేడమ్ పక్కనే నిలబడి చూసింది. "అనుకున్నదే. ముందుగా ఇస్తే అడ్డం పడుతుంది. తగిలాక ఇస్తే తిరిగి కట్టదు" అంది.

"మరి రక్తంలో సీసం ఏమైనా తగ్గిందా మేడమ్?" అని అడిగాను.

"ఏ వరసలోనూ పెద్దగా తగ్గలేదుగా. కాగితాలు నువ్వే ఫైలు చేస్తున్నావు. సారం సీసాన్ని బయటికి తోలదు. సీసం చేసే హానిని కొంత ఆపుతుంది, అంతే. అది కూడా ఎలుకలో, నేను కొలిచి ఇచ్చిన మోతాదులో. ఆ లెక్కన మనిషికి ఎంత పట్టాలో, పడితే ఏమవుతుందో ఎవరూ చూడలేదు."

ఆ కాగితాలన్నీ నేనే ఫైలు చేశాను. ఈత పుస్తకం మాత్రమే చూసుకుని మురిసిపోయాను, రక్తం కాగితం పక్కకి పెట్టాను. నాకు తెలియక జరిగిందని మీకు చెప్పుకునే దారి కూడా లేదు. కళ్లు నావే, కాగితం నాదే, చూడదలుచుకున్నది మాత్రమే చూశాను. మీరు ఐదో వరస. పేగు, బుర్ర అప్పటికే దెబ్బతిని ఉన్నాయి. నేను పొద్దునే అర గ్లాసు వగరు నీళ్లు పోసి మళ్లీ ఆ పొగలోకే పంపాను, నూట ఇరవై రోజులు. ఆసుపత్రిలో మొదటిరోజు తీసిన రక్తంలో నూట నాలుగు ఉంది.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. సోమవారం మేడమ్‌కి అంతా చెప్పేస్తాను, పొడి తీసిన సంగతీ, నలభై ఒకటో నంబరూ. ఉద్యోగం ఉండదు, ఉండకూడదు. మీరు ఇంటికి వచ్చేలోగా నేను వేరే చోట గది చూసుకుని వెళ్లిపోతాను. వదిన మీ దగ్గర ఉంటానంది. ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు. పొద్దున లేచి నా చేతిలో గ్లాసు చూడాల్సిన అవసరం మీకు ఇక ఉండదు. మీ చొక్కాలన్నీ ఉతికి, గుండీలు తీసేసి, ఒక్క చేత్తో పెట్టుకునే టిచ్ బటన్లు కుట్టి పెట్టాను. బీరువాలో పై అరలో ఉన్నాయి.

మీ
ఇంటావిడ

*

ఎలుకలమ్మకి,

కుడి మణికట్టు లేవట్లేదు. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని రాస్తున్నాను. ఇది మూడు రోజుల రాత. అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయి, ఓపిక చేసుకుని చదువు.

నీ ఉత్తరం మొదటిరోజు చదివి మండిపోయాను. నువ్వు వస్తే అటు తిరిగి పడుకున్నాను. రెండో రోజు దిండు కింద ఏదో ఉందని తీసి చదివితే మళ్లీ కొత్తగా మండింది. మూడో రోజు చదువుతుంటే, షుగరు అన్న చోటుకి వచ్చేసరికి, ఇది షుగరు కాదు సీసం అని కాగితం కంటే ముందే నాకు తెలిసిపోయింది. కాగితం మూసేసి మిగతాది నా అంతట నేనే చెప్పుకున్నాను. నలభై ఒకటి, అరవై రెండు, గుండీలు. అన్నీ వచ్చాయి. డాక్టరు వస్తే, నాకు ఒక సంగతి నిన్నటి నుంచి ఇవాళ్టి దాకా నిలిచిందండీ అని చెప్పాను. "ఏ సంగతి?" అన్నాడు. మా ఆవిడ నన్ను మోసం చేసిన సంగతి అన్నాను. ఆయన చీటీ మీద ఏదో రాసుకుని, చాలా మంచి లక్షణం అని వెళ్లిపోయాడు.

క్షమించావా అని అడగకు. పొద్దున ఒకలా ఉంటుంది, సాయంత్రం ఒకలా. ఇంకా తేలలేదు. కానీ నా వాటా కూడా రాయాలి. నువ్వు షుగరని రక్తం తీశావు. వారమైనా, నెలైనా, షుగరెంత ఉందే అని నేను అడిగానా? అడగలేదు. నువ్వూ చెప్పలేదు. అడిగితే షెడ్డు మానాల్సిన మాట ఏదో వస్తుందని నాకు లోపల తెలుసు. గోడ అంటే నీకెంత భయమో నాకూ అంతే.

అది కాదు అసలు సంగతి. ఇది రాయడానికే మూడు రోజులు పట్టింది. నువ్వు మధ్యాహ్నానికి ఇచ్చిన సీసా నేనొక్కణ్ణే తాగలేదు. మొదట్లో షెడ్డులో నా పక్కన పనిచేసే పొడుగోడికి కడుపునొప్పి అంటే రెండు గుక్కలు పోశాను. నువ్వు అరుగుదలకి అన్నా, ఆ వగరు చూసి అవి నీ ఎలుకల దానిమ్మ నీళ్లేనని పోల్చుకున్నాను. మా ఆవిడ లాబులో పరీక్ష చేసిన మందురా, సీసాన్ని దగ్గరికి రానివ్వదు అని చెప్పాను. నువ్వు ఇంటికొచ్చి చెప్పే ఎలుకల ఈత కథంతా చెప్పాను. ఆ మధ్యాహ్నానికి అందరూ చెయ్యి చాపారు. సీసా చాలక, మేస్త్రి పళ్లరసం కొట్టు నుంచి దానిమ్మ తొక్కలు బస్తాతో తెప్పించి డ్రమ్ములో మరిగించడం మొదలుపెట్టాడు. టీ బదులు అదే. పదకొండు మంది తాగుతున్నారు. మూతికి కట్టుకునే మాస్కులు మేకుకి తగిలించేశారు. చేతులు కడుక్కోకుండానే తింటున్నారు, మందు తాగుతున్నాంగా అని. పొడుగోడు డాక్టరు దగ్గరికి పోదామనుకుని మానేశాడు. నేను పడిపోయాక కూడా, వీడు ఆ రోజు డ్రమ్ము నీళ్లు తాగలేదు కాబోలు అనుకున్నారని మేస్త్రి చూడ్డానికొచ్చి నాతోనే అన్నాడు. నేను అవునూ కాదూ అనలేదు. గుర్తులేక కాదు.

నువ్వు వేరే గదికి పోతానని రాశావు. పో, ఉండు, అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు షెడ్డుకి వెళ్లు. ఆ నీళ్లు కాపాడవని వాళ్లకి చెప్పు. నేను చెబితే పిచ్చెక్కిందంటారు. అందరూ నీ పేరు మీద తాగుతున్నారు, నీ నోటితోనే ఆగాలి. నాకు చెప్పిన ఐదో వరస వాళ్లకీ చెప్పు. ఇంట్లో గోడ చూస్తూ పడుకున్నవాడైనా రోజూ చుట్టుపక్కల మనుషుల పేర్లు చెప్పగలడు. నిన్న మా అక్క పేరు నాకు గంటసేపు రాలేదు.

టిచ్ బటన్లు అక్కర్లేదు. గుండీలు తిరిగి కుట్టు. డాక్టరు చేతికి ఏదైనా సన్నపని పెట్టమన్నాడు.

మీ ఆయన

*

ఏవండీ,

మీ ఉత్తరం ఇంటి మెట్ల దగ్గరే విప్పి చదివాను. ఒక మనిషికి చేసిన పాపాన్ని మోయలేక మీకు రాసుకున్నాను, అది పన్నెండు మందికి పాకిందని మీరు చెప్పారు. మెట్ల మీద అలాగే కూర్చుని ఉంటే, పైవాటా ఆవిడ ఏమైందని అడిగింది. పక్కకి జరిగి దారి ఇచ్చాను.

సోమవారం మేడమ్‌తో అంతా చెప్పాను. కుర్చీలోంచి లేవకుండా వింది. స్టోరు తాళంచెవి అడిగి తీసుకుంది. "ఎలుకల గదిలోకి ఇక రావద్దు" అంది. సరేనన్నాను. గుమ్మం దాకా వెళ్లాక వెనక్కి పిలిచి, "ఆ పదకొండు మంది రక్తం ఎవరు తీస్తారు?" అని అడిగింది. నా ఎదురుగానే పెద్దాసుపత్రికి ఫోను చేసింది. ఇది ఆఖరి పని, వాళ్ల డాక్టరుతో కలిసి చెయ్యి, తర్వాత మాట తర్వాత అంది.

మర్నాడు టీ వేళకి ఆ డాక్టరూ నేనూ షెడ్డుకి వెళ్లాం. మీవాళ్లంతా బోర్లించిన ఖాళీ బ్యాటరీ డబ్బాల మీద కూర్చుని ఉన్నారు. డ్రమ్ములోంచి ఆవిరి వస్తోంది. మేస్త్రి నాకోసం ఒక గ్లాసు ముంచి తెచ్చి, "తాగమ్మా, నీ మందే" అన్నాడు. గ్లాసు తీసుకుని నేలమీద పెట్టాను. ఎలా మొదలుపెట్టాలో ఎన్నో అనుకుని వెళ్లాను, ఒక్క ముక్కా గుర్తు రాలేదు. "ఈ నీళ్లు మా ఆయన్ని కాపాడలేదు. మిమ్మల్నీ కాపాడవు" అన్నాను.

మేస్త్రి, "అయితే ఎలుకల సంగతి అబద్ధమా అమ్మా?" అని అడిగాడు. అబద్ధం కాదు, సీసం తాకకముందు నుంచీ తాగినవి కొంత నిలబడ్డాయి, తాకాక తాగినవి నిలబడలేదు, తాగినవాటి రక్తంలోనూ సీసం అలాగే ఉంది అన్నాను. మీరు ఏళ్ల తరబడి ఈ పొగ పీలుస్తున్నారు, ఇప్పుడు కావాల్సింది వగరు నీళ్లు కాదు, ఈ పొగలోంచి బయటపడటం అన్నాను. నాలుగు నెలల ముందే నాకు తెలుసని కూడా చెప్పాను. చెప్పకపోయినా గడిచేది, కానీ చెప్పాను.

పొడుగోడు లేచాడు. మీకంటే జానెడు పొడుగు కదా, నా ఎదుట ఎండకి అడ్డమయ్యాడు. "నెల రోజుల నుంచి మెలికలు తిరిగిపోతున్నాను. అన్న ఇచ్చిన మందే కదా, పని చేస్తుందిలే అని ఓర్చుకున్నాను. ఇప్పుడొచ్చి కాదంటావా వదినా?" అన్నాడు. కాదన్నాను. నా కాళ్ల దగ్గర గ్లాసు తన్నేసి వెళ్లిపోయాడు. మిగతావాళ్లంతా మేస్త్రిని చూశారు. మేస్త్రి చాలాసేపు డ్రమ్ము వైపు చూసి, రక్తం ఇవ్వడానికి చొక్కా చెయ్యి పైకి మడిచి నా ముందు కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కరే. డ్రమ్ము ఎవరు బోర్లించారో నేను చూడలేదు.

నిన్న కాగితాలు వచ్చాయి. పది మందిలో ఎవరూ మామూలుగా లేరు. నలుగురు పనిలోకి రాకూడదన్నారు, ఇద్దరికి ఇంజెక్షన్లు కావాలి. షెడ్డు పదిహేను రోజులు మూసి కడగాలని అధికారులు తలుపుకి కాగితం అంటించారు. మేస్త్రి ఆ తలుపు ముందు నిలబడి నన్ను చూసి పలకరించలేదు. అలా నిలబడటం ఏమిటో మీ ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడే చూశాను కాబట్టి నేనూ పలకరించలేదు. వాళ్లలో ఇవాళ ఎవరెవరు ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నారో. వాళ్లకి నేను ఇవ్వగలిగింది ఏమీ లేదండీ, ఆసుపత్రి చిరునామా తప్ప.

ఈ పొద్దున ఆరింటికి పొడుగోడి భార్య వచ్చి తలుపు కొట్టింది. రెండు రోజుల నుంచి తిన్నది నిలవడం లేదట, ఎవరి మాటా వినడట, నిన్నే పిలుచుకు రమ్మన్నాడు అంది. నన్ను తిట్టడానికే అనుకుని వెళ్లాను. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని నేలమీద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి, "అన్న ఎలా ఉన్నాడు?" అని అడిగాడు.

"చెయ్యి ఇంకా లేవట్లేదు. మాటలు నిలుస్తున్నాయి. ఉత్తరం రాశాడు" అన్నాను.

"తనే రాశాడా?"

"తనే. మూడు రోజులు పట్టింది."

గోడ పట్టుకుని లేచి కూర్చున్నాడు. తర్వాత, "అయితే నన్నూ అక్కడికే తీసుకెళ్లు. కానీ ఆ మందు ఎందుకు పోశావని అన్నని అడుగుతాను, అడ్డు రాకు" అన్నాడు. రానన్నాను. మీరు జవాబు వెతుక్కోండి. నేను ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాను.

గది చూసుకోలేదు. గుండీలు తిరిగి కుట్టాను.

వదిన ముందు బయల్దేరుతోంది, ఆమెతో ఈ కాగితం పంపుతున్నాను. మేము పదింటికల్లా వస్తాం. మీ పక్క మంచం ఆయన్ని ఇవాళ ఇంటికి పంపుతారని నిన్న అన్నారు. ఆ మంచం పొడుగోడికి ఉంచమని నర్సుకి మీరే చెప్పండి. కాగితం మీద రాసి ఇవ్వకండి, నోటితో చెప్పండి.

మీ
ఎలుకలమ్మ